యవనుల వెండినాణెములు : పాఠవిమర్శనము

మన పూర్వులు గ్రీకులను యవను లనిరి. ఆ యవనుల వెండినాణెములను గూర్చి శ్రమపడువారు మూఁడు తెఱఁగులవారు. కొందఱకు నాణెము చిన్నశిల్పము. దానిపై దేవతాముఖమును, నాలుగుగుఱ్ఱముల రథమును, గుడ్లగూబను జూచి యానందింతురు. కొందఱకు వెలగల సరకు. మఱికొందఱకుఁ జరిత్రగ్రంథములలోఁ జదివిన కథకు సాక్ష్యము. ఈ మూఁడవవారు తక్కినవారికంటెఁ బండితులే యైనను, పుస్తకమునందలి కథను నాణెమునకు ముడివేయు తొందరలో నొక్కొక్కప్పుడు తక్కినవారికంటె నెక్కువగాఁ బొరపడిరి. నాణెము మొట్టమొదట నొక పాఠ మనియు, తాళపత్రప్రతిని బరిశోధించునట్లే దానిని బరిశోధింపవలయు ననియు నీ వ్యాసమునఁ బ్రతిపాదింపఁ దలఁచితిమి. పాఠపరిశోధనమునకుఁ బదము, మాతృక, ప్రకరణము నను మూఁడును గావలయును. నాణెమునకును నివి గలవు. దానిపైనున్న లేఖనము పదము. దానిని గొట్టిన యచ్చు మాతృక. అది దొరకిన నిధి ప్రకరణము.

లేఖనము

వ్యాకరణము చదివినవాఁడు యవననాణెములను జూచినచో మొదటఁ గన్పట్టునది షష్ఠీవిభక్తి. సిసిలీద్వీపమునందలి సిరక్యూసు నాణెములపై 'సురాకోసియోన్' అని యుండును. ఇది బహువచనషష్ఠి, 'సిరక్యూసు పౌరులయొక్క' అని యర్థము. పౌరులయొక్క యేది? లేఖనము చెప్పదు. షష్ఠి సంబంధమును దెలుపును; సంబంధమునకు రెండవ కొన యుండవలయును గదా. మన వ్యాఖ్యాత లిట్టిచోట 'ఇతి శేషః' అని వ్రాసి తగిన పదము నధ్యాహారము చేయుదురు. ఇచ్చట మన యూహతోఁ బనిలేదు. యవనులే కొన్ని నాణెములపై నా శేషమును బూరించి యుంచిరి.

ఆసియామైనరు పడమటితీరమునఁ గ్రీ.పూ. 600 ప్రాంతమున వెండిబంగారములు కలసిన లోహముతోఁ గొట్టిన నాణెములలో నొకదానిపై 'నేను ఫానీసుయొక్క చిహ్నమను' అను నర్థముగల పూర్ణవాక్యము గలదు. క్రీటుద్వీపమునందలి గోర్టిను, ఫైస్టోసు పట్టణముల ప్రాచీనపు వెండినాణెములపైఁ బట్టణనామముతో షష్ఠియు, దానికిఁ దరువాత 'పైమ' యను పదమును గలవు. ఈ పదము కొట్టుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. 'గోర్టిను కొట్టినది' యని తాత్పర్యము. త్రేసుదేశపు రాజగు సెయుథీసు నాణెములలో నొకరకముపై 'సెయుథీసు వెండి' యనియు, వేఱొకరకముపై 'సెయుథీసు ముద్రించినది' యనియుఁ గలదు.

పాణినీయము చదివినవారి కిచ్చట నొక విషయము స్ఫురింపక మానదు. పాణిని రూపశబ్దమునకు 'ఆహత' మను నర్థమునఁ బ్రత్యయమును విధించి రూప్యశబ్దమును సాధించెను. ఆహత మనఁగాఁ గొట్టఁబడినది. వెండికి రూప్య మను పేరును, మన రూపాయి యను మాటయు నీ పదమునుండి వచ్చినవే. క్రీటువారి 'పైమ'యు, పాణిని 'యాహత'మును నొకే క్రియను జెప్పుచున్నవి. ఒకరినుండి యొక రెరువు తెచ్చుకొని రనుటకుఁ గారణ మేమియుఁ గానరాదు. సుత్తెదెబ్బతో వెండిముక్క నాణె మగుటను జూచినవారు రెండుచోట్లను దానికిఁ దగిన పేరే పెట్టిరి.

కాఁబట్టి యవననాణెముపైనున్న షష్ఠి స్వస్వామిభావమును మాత్రమే చెప్పునని యనుకొనరాదు. నాణెము చేతిలో నున్నవానిది, ముద్ర పౌరులది. ఈ వెండికి, దీని తూనికకు మేము పూఁటపడుచున్నా మనుటయే యా విభక్తికి ముఖ్యార్థము. ఇది మా కల్పన గాదు. ఏథెన్సునగరపు టంగడివీథిలో 1970లో దొరకిన యొక శిలాశాసనమున, క్రీ.పూ. 375-374 సంవత్సరమున నికోఫోను ప్రతిపాదించిన నాణెముల చట్టము చెక్కఁబడి యున్నది. దాని ప్రకారము నాణెములను బరీక్షించు బానిస యొకఁ డంగడివీథిలోఁ గూర్చుండవలయును. వెండిపూఁత పూసిన రాగినాణెమో, సీసపునాణెమో వచ్చినచో వెంటనే దానిని నఱికి దేవమాత గుడికి సమర్పింపవలయును. నాణెము మంచిదని వాఁడు చెప్పిన పిమ్మట నంగడివాఁడు పుచ్చుకొననిచో, నాఁ డమ్మకమునకుఁ బెట్టిన సరకంతయు జప్తుచేయుదురు. పరీక్షకుఁడు తన పనికి రానిచో, సరిగాఁ బరీక్షింపనిచో నేఁబది కొరడాదెబ్బలు. మన కౌటిల్యుఁడు చెప్పిన రూపదర్శకుఁ డీ పరీక్షకునికి సోదరుఁడు. మన షరాబు వాని వంశమువాఁడు. నేఁడు కొన్ని ఏథెన్సునాణెములపైఁ గన్పట్టు లోఁతైన గాట్లు సేకర్తలకు లోపములు. వానిని గొందఱు తక్కువవెలకుఁ గొందురు. నిజమునకుఁ బలుచోట్ల వర్తకులు నాణెమును నమ్ముటకు ముందు లోపలిలోహమును జూచుకొనిన యానవాలవి. వ్యాఖ్యానము వ్రాసిన ప్రతిని మరకలుపడిన ప్రతి యని పాఱవేయువాఁ డుండునా?

లేఖనమునందు వర్ణక్రమమును విచారణీయము. సిరక్యూసువారి ప్రాచీననాణెములపై షష్ఠీప్రత్యయమున హ్రస్వమగు 'ఒ'కార మున్నది, క్రీ.పూ. 5వ శతాబ్దిచివర దాని స్థానమున దీర్ఘమగు 'ఓ'కారమునకుఁ బ్రత్యేకాక్షరము వచ్చెను. కావున నచ్చట నక్షరమును బట్టి కాలము నూహింపవచ్చును. ఇదే సూత్రమును ఏథెన్సునకు వర్తింపఁ జేసితిమా, చెడితిమి. ఏథెన్సునాణెములపై నొకవైపు ఏథీనాదేవి శిరస్సు, వేఱొకవైపు గుడ్లగూబ, ఒలీవరెమ్మ, 'అథె' యను మూఁ డక్షరములు నుండును. నాలుగు ద్రాఖ్మల యీ నాణెము తూనిక సుమారు 17.2 గ్రాములు, అనఁగాఁ దులమున్నరకుఁ గొంచెము తక్కువ. ఏథెన్సువారు క్రీ.పూ. 403లో రాజశాసనములకుఁ బ్రాఁతలిపిని విడిచి దీర్ఘ 'ఏ'కారముగల క్రొత్తలిపిని స్వీకరించిరి. పిమ్మట వారి పేరు దీర్ఘముతో వ్రాయవలసియున్నను, నాణెముపై మాత్రము 'అథె' యనియే నిలిచెను. లిపి మాఱినను నాణెము మాఱలేదు. ఈజిప్టులోను సిరియాలోను వర్తకు లా మూఁ డక్షరములను జదివి కాక, చూచి గుర్తుపట్టుచుండిరి. గుర్తు మాఱినచో నమ్మకము మాఱును. మన కవులు నాలుకపై లేని శకటరేఫమును బద్యమున నిలుపుట యెట్టిదో యిదియు నట్టిదే. కావున నొకచోట సిద్ధమైన సూత్రము వేఱొకచోట నపవాద మగును. నాణెములను జదువువానికి లిపి యెఱుకయే చాలదు, ఆ నగరముయొక్క వ్యవహారమును దెలియవలయును.

రాజనామముల షష్ఠి మఱింత మోసపుచ్చును. 'అలెగ్జాండరుయొక్క' అని వ్రాసియున్న వెండినాణెములు హెరాక్లీసు శిరస్సుతోను, సింహాసనస్థుఁడగు జ్యూసుదేవునితోను లెక్కకు మిక్కిలిగా దొరకుచున్నవి. అలెగ్జాండరు క్రీ.పూ. 323లో మరణించెను. ఆ పేరితో, ఆ బొమ్మతో నాణెములను బలు నగరములు రెండువందల యేండ్లకుఁ బైగాఁ గొట్టుచునే యుండెను. షష్ఠి యున్నంతమాత్రమున సంబంధి బ్రదికి యున్నాఁడని యనుమానింపరాదు. ఆ పేరు రాజును జెప్పుట మాని తూనికను జెప్పఁజొచ్చెను.

అచ్చు

లేఖనమున కిట్టి పరిమితి గలదు కాఁబట్టి మాతృకను వెదకవలసి వచ్చినది. యవనులు నాణెమును రెండచ్చుల నడుమఁ బెట్టి సుత్తెతోఁ గొట్టిరి. క్రింది యచ్చు దాగలిలో బిగించియుండును. పై యచ్చు చేతఁబట్టునది. దెబ్బ నేరుగాఁ బడుటచేతఁ బై యచ్చు త్వరగాఁ జెడును. అందువలన నొక్క క్రిందియచ్చునకుఁ బెక్కు పైయచ్చులు మాఱును. ప్రతియచ్చును జేతితోఁ జెక్కినదే కావున నే రెండును సరిగా నొక్కతీరున నుండవు. ఒకే బొమ్మ, వేఱ్వేఱు బొరుసులు గల నాణెము లొక టంకశాలలో నొకదానిచెంత నొకటి పుట్టినవని తెలియును. అచ్చునఁ బుట్టిన పగులు నాణెమునుండి నాణెమునకుఁ బెరుగుట చూచినచో నేది ముందు, ఏది వెనుక యనునదియుఁ దేలును.

ఇది మన తాళపత్రప్రతుల పరిశోధనముకంటె భిన్నము కాదు. రెండు ప్రతులలో నొకే తప్పు, ఒకే గ్రంథపాత మున్నచో వానికి మాతృక యొక్కటే యని మన మూహింతుము. ఎరిక్ బోరింగరు 1929లో సిరక్యూసు వెండినాణెముల యచ్చులనెల్ల నీరీతినిఁ బోల్చి వరుసపెట్టెను. ఆ శ్రమ సామాన్యమైనది గాదు. తరువాతివారు దానిమీఁదనే నడచిరి. అయినను అచ్చు క్రమమునే యిచ్చును, సంవత్సరము నీయదు. ప్రతుల వంశవృక్షము గీసినవానికిఁ గవికాలము తెలియనట్లే యిదియు. వరుస నెచ్చటనో యొక మేకునకుఁ గట్టవలయును. బోరింగరు కట్టిన మేకు డెమరెతియోను.

డెమరెతియోను కథ

క్రీ.పూ. 480లో సిరక్యూసుప్రభువగు గెలోను హిమెరావద్దఁ గార్తేజివారి నోడించెను. క్రీ.పూ. 1వ శతాబ్దివాఁడగు సిసిలీచరిత్రకారుఁడు డయొడోరసు దీనిఁగూర్చి యిట్లు చెప్పెను: సంధికిఁ దోడ్పడిన గెలోనుభార్య డెమరెతెకుఁ గార్తేజివారు నూఱు టాలెంటుల బంగారుకిరీటమును గానుక యిచ్చిరి, ఆమె తన పేరితో డెమరెతియో నను నాణెమును గొట్టించెను, అది పది అట్టికా ద్రాఖ్మల వెలగలది, తూనికను బట్టి సిసిలీవారు దానిని 'ఏఁబది లిత్రలది' యనిరి.

సిరక్యూసులో నంతటి తూనిక గల పెద్ద వెండినాణె మొకటి గలదు. దానిపై నొకవైపు నాలుగుగుఱ్ఱముల రథము, గుఱ్ఱములకుఁ గిరీటము పెట్టు విజయదేవత, క్రింద సింహము. వేఱొకవైపు పత్రమాల ధరించిన స్త్రీముఖము, చుట్టును నాలుగు డాల్ఫినుచేఁపలు. అదియే డెమరెతియో నని 19వ శతాబ్దిలో ల్యూనుప్రభువు మొదలగువారు నిశ్చయించిరి. పత్రమాల హిమెరావిజయమునకుఁ జిహ్నమయ్యెను. సింహము కార్తేజివారి యాఫ్రికాఖండ మయ్యెను. విజయదేవత తన పని తాను జేయుచునే యున్నది. ప్రతిచిహ్నమును గథ కొదిఁగెను. సంవత్సరము తప్పక తెలిసిన యవననాణె మొకటి దొరకె నని లోకము సంతోషించెను. దాని శైలిని బట్టి యవనశిల్పముల కాలమునే నిర్ణయింపఁజొచ్చిరి.

ఇఁక మూలమును మరలఁ జదువుదము. డయొడోరసు కిరీటము బంగారముదని చెప్పెను. నాణెము వెండిదని చెప్పలేదు. అంత తూనిక గల సిరక్యూసు బంగారునాణె మొక్కటియు నేఁ డగపడదు. అందువలన వెండిదానిని దెచ్చి యా పేరు పెట్టిరి. మఱియుఁ బోలక్సు అను కోశకారుఁడు వేఱొకకథ చెప్పెను: యుద్ధకాలమున ధనము లేక యిబ్బందిపడఁగా డెమరెతె స్త్రీల నగలను యాచించి, కరఁగించి నాణెము కొట్టించెను. ఒకటి సంధి తరువాతి కానుక; ఒకటి యుద్ధకాలపుఁ ద్యాగము. రెండును నొక్క పేరును వ్యుత్పాదించుటకుఁ బుట్టిన కథలవలె నున్నవి. పదమును జూచి కథ కల్పించుట నిరుక్తము చదివినవారికిఁ గ్రొత్తగాదు. డయొడోరసు నాణెమునకు నాలుగువందల యేండ్ల తరువాతివాఁడు. అతని వాక్యము తీసివేయఁదగినది గాదు కాని, ఇంతటి భారమును మోయఁదగినదియుఁ గాదు.

కోలిను క్రే 1969లోఁ బ్రకటించిన గ్రంథమున నీ ముడిని విప్పఁజూచెను. సిసిలీద్వీపపు నిధులలో నే నాణెములు వేనితోఁ గూడ నున్నవి, ఏవి యెంత యరిగియున్నవి యనుదానిని బట్టి చూడఁగా, నీ పెద్దనాణెము 480నకుఁ దగినంత పాతదిగాఁ గానరాలేదు. నేఁడు పెక్కుమంది పండితులు దానిని క్రీ.పూ. 470 తరువాతిదానినిగా నెంచుచున్నారు. అప్పటికి గెలోను మరణించి కొన్ని యేండ్లు గడచినవి. డెమరెతియో నను పేరు మాత్ర మంగడులలోను బుస్తకములలోను నిలిచినది.

ఇది యొక్కచోటి దోషమే యైనచో మే మింత వ్రాయకుందుము. ఏథెన్సునందును బది ద్రాఖ్మల పెద్ద వెండినాణెము గలదు. దానిపై గుడ్లగూబ ఱెక్కలు విప్పి యెదురుగాఁ జూచుచుండును. లారియోను గనులలో దొరకిన వెండిని బౌరులకుఁ దలకుఁ బది ద్రాఖ్మల చొప్పునఁ బంచఁ దలఁచి రనియు, థెమిస్టోక్లీసు మాన్పించి యా ధనముతో నోడలు కట్టించె ననియు హెరొడోటసు వ్రాసెను. పంపక మాఁగెను; అయినను కథలోఁ బది ద్రాఖ్మ లున్నవి, నాణెము పది ద్రాఖ్మలది యని కొందఱు రెంటిని ముడివేసిరి. సంఖ్యాసామ్యము హేతువు గాదు, హేత్వాభాసము. చెస్టరు స్టారు 1970లోనే యచ్చులను శైలిని బరిశీలించి యా నాణెమును క్రీ.పూ. 460 దశకమునకు దింపెను. తరువాత దొరకిన యొక నిధి యా మతమును బలపఱచినది. ఆ నిధిచరిత్రయే మా కడపటి విషయము.

ప్రకరణము

టర్కీదేశపు నైరృతిభాగమున ఎల్మాలి యను నూరిచెంత 1984లో సుమారు 1900 వెండినాణెముల నిధి దొరకినది. అంతకుముందు లోకమునఁ బట్టుమని పండ్రెండో, పదమూఁడో యున్న ఏథెన్సు పదిద్రాఖ్మల నాణెము లీ యొక్క నిధిలోఁ బదికిఁ బైగా నుండెను. ఏథెన్సు మిత్రనగరముల నాణెములు, లైసియాప్రభువుల నాణెములు నొక్కకుండలో నుండెను. అవి యే రాజపురుషుఁడు దాఁచినవి, యే కప్పమునకుఁ గూర్చినవి యను విచారమునకుఁ దావును, బాత్రయు, మట్టిపొరయు నాధారములు. కాని త్రవ్వినవా రా నాణెములను రహస్యముగా దేశము దాఁటించిరి. అవి చేతులు మాఱి, ముక్కలుముక్కలుగా విక్రయింపఁబడెను. దీర్ఘమైన వ్యాజ్యము పిమ్మట 1999లో నిధిలోఁ బెద్దభాగము టర్కీకిఁ దిరిగివచ్చెను. నాణెములు వచ్చినవి, ప్రకరణము రాలేదు.

దీనికి ప్రత్యుదాహరణము గలదు. ఆఫ్గనిస్థానమున ఆయిఖానుమ్ అను యవననగరశిథిలములలోఁ బాల్ బెర్నారు నాయకత్వమునఁ ద్రవ్వుచుండిన ఫ్రెంచిపండితులకు 1970లో నొక నిధి దొరకినది. అందు మన దేశపు విద్ధాంకనాణెము లాఱువందలకుఁ బైగా నుండెను. వానినడుమ యవనరాజగు అగథొక్లీసుయొక్క చతురస్రపు వెండినాణెము లాఱు. వానిపై నొకవైపు చక్రముఁ బట్టిన వాసుదేవుఁడు, వేఱొకవైపు హలముఁ బట్టిన సంకర్షణుఁడు; యవనలిపిలో 'బసిలెయోస్ అగథొక్లెయూస్', బ్రాహ్మిలో 'రాజనే అగథుక్లెయస' యని షష్ఠ్యంతములు. ఈ యాఱు నాణెములే యూరుపేరు లేక యంగడికి వచ్చినచో వాని నెవఁడు నమ్మును? దొంగనాణె మని తోసివేయుటకుఁ దగిన వింత యది. త్రవ్వినచోటనే చూచి వ్రాసికొనిరి కనుక, యవనుని కోశమున మన విద్ధాంకములును, మన దేవతలతో నతని నాణెములును గలసియుండె నని నిస్సంశయముగాఁ దెలిసినది.

దొంగనాణెముల మాట యూరక యెత్తలేదు. 1772లోఁ బుట్టి 1830లో మరణించిన జర్మనుదేశస్థుఁడు బెకరు తానే యచ్చులు చెక్కి, మంచివెండితో సరియైన తూనికగల యవననాణెములను గొట్టెను. వానిని ఇనుపరజముతోఁ బెట్టెలోఁ బోసి బండికిఁ గట్టి, త్రోవకుదుపులకు నరుగునట్లు త్రిప్పెనని ప్రసిద్ధి. తూనికయు లోహమును శైలియుఁ బరీక్షించువారిని మోసపుచ్చవచ్చును. దొరకినచోటు తెలిసిన నిధిలో బెకరునకుఁ జోటులేదు.

సేకర్తలను నిందించుట మా యుద్దేశము గాదు. ల్యూనుప్రభువు తన సంగ్రహమును 1862లోఁ బారిసునందలి జాతీయగ్రంథాలయమున కిచ్చివేసెను. చార్లెసు మాసను 1830 దశకమున ఆఫ్గనిస్థానమున వేలకొలఁది నాణెములను గూర్చి, దొరకిన తావులతోఁ బట్టిక వ్రాసెను. యవనలిపి యొకవైపును, బ్రాకృత మొకవైపునుగల వెండినాణెములు లేనిచో ఖరోష్ఠీలిపిని జదువుట కెంత కాలము పట్టెడిదో. మెనాండ్రుని నాణెముపై 'సొతేరోస్' అన్నచోటఁ బ్రాకృతమున 'త్రతరస' యనియు, 'బసిలెయోస్' అన్నచోట 'మహరజస' యనియు నుండెను. షష్ఠికి షష్ఠిని జేర్చి జేమ్సు ప్రిన్సెపు మొదలగువా రక్షరములను విడఁదీసిరి. ఇది సేకర్తలు పెట్టిన భిక్షయే. వ్రాసికొనిన సేకర్తకును, వ్రాసికొనని సేకర్తకును గల భేదమే మేము చెప్పఁదలఁచినది.

ఈ షష్ఠి మనదేశమునకును వచ్చినది. యవనుల వెండినాణెములను జూచి పశ్చిమక్షత్రపులు రాజముఖముతో నాణెములను గొట్టించిరి. వానిపై ముఖముచుట్టునున్న యవనాక్షరములు క్రమముగా నర్థములేని గీఁతలయ్యెను. క్షత్రపులను జూచి శాతవాహనులు రాజముఖముతో వెండినాణెములను గొట్టించి, యొకవైపు 'సిరి సాతకణిస' యని ప్రాకృతషష్ఠిని, వేఱొకవైపు ద్రావిడభాషాలేఖనమును వ్రాయించిరి. ఆ లేఖనము మన భాషాచరిత్రమునకు మిక్కిలి విలువగలది. దానిఁగూర్చి వాదములు తెగలేదు. ఇట్టి వాదములను దీర్చఁగల నాణెము రేపు మన పల్లెలలో నే పొలమున నాఁగటిచాలునఁ బైకివచ్చునో యెవ్వరెఱుంగుదురు?

మన యూళ్లలో లంకెబిందెలు దొరకెనన్న మాట పుట్టఁగానే సొత్తు రాత్రికి రాత్రి కంసాలి మూసలోఁ బడుటయో, పట్టణపు వర్తకుని చేరుటయో జరుగుచున్నది. 1878నాఁటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము పదిరూపాయలకు మించిన వెలగల నిధి దొరకినవాఁడు కలెక్టరునకుఁ దెలుపవలయును. పాఠశాలలలోనున్న పండితు లీ మాటను బిల్లలకుఁ జెప్పుదురు గాక. అట్టిది దొరకినప్పుడు దగ్గఱనుండుట తటస్థించినచో నూరిపేరు, పొలము గుర్తు, కుండ యాకారము, లోఁతు, నాణెముల లెక్క, వానితో దొరకిన పూస, పెంకు, బొగ్గు సయితము నొక కాగితముపై వ్రాసి యధికారులకుఁ జేర్తురు గాక. లేఖనమును జదువుటకుఁ బిమ్మటఁ బండితులు పుట్టుదురు. చోటు నా దినమునఁ జూచినవారే వ్రాయవలయును.